కంపెనీ క్వార్టరు, కంపెనీ ఫోను

2023 నవంబరులో స్కాట్లాండ్ రాజకీయాలను ఒక ఐప్యాడ్ బిల్లు కుదిపేసింది. అప్పటి ఆరోగ్య మంత్రి మైకేల్ మాథెసన్ అంతకు ముందటి క్రిస్మస్ సెలవులకు కుటుంబంతో మొరాకో వెళ్తూ పార్లమెంటు ఇచ్చిన ఐప్యాడ్‌ను వెంట తీసుకెళ్లారు. డేటా రోమింగ్ బిల్లు దాదాపు 11 వేల పౌండ్లు వచ్చింది. అప్పటి లెక్కన మన డబ్బులో పదకొండు లక్షల దాకా. నియోజకవర్గం పని మీదే వాడానని ఆయన మొదట చెప్పారు. పత్రికలు వదల్లేదు. చివరికి సభలో లేచి, పిల్లలు ఫుట్‌బాల్ చూడటానికి దాన్ని హాట్‌స్పాట్‌గా వాడుకున్నారని ఒప్పుకున్నారు. సొమ్మంతా తిరిగి కట్టినా 2024 ఫిబ్రవరిలో మంత్రి పదవి పోయింది. ఆఫీసు వస్తువును సొంతానికి వాడితే ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి యాజమాన్యాలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ ఇదే కథను రెండోవైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. విదేశంలో డేటా పనిచేయకుండా ఆపే మీట ఒకటి ముందే నొక్కి ఉంటే ఆ పౌండ్లూ మిగిలేవి, ఆ పదవీ మిగిలేది. ఆ పిల్లలు ఏ మ్యాచ్ చూశారో, ఎవరితో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ తెలుసుకోవాల్సిన పని ఉండేది కాదు.

కంపెనీ ఫోన్ ఇప్పుడు పెద్ద హోదాకు గుర్తేమీ కాదు. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఉంది, క్లినిక్ ముందు బ్యాగుతో నిలబడే మెడికల్ రెప్ చేతిలోనూ ఉంది. ఊళ్లు తిరిగి వాయిదాలు వసూలు చేసే ఫైనాన్స్ కుర్రాడికి, పిల్లల బరువులు పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించే అంగన్‌వాడీ టీచర్‌కు, ఆఫీసు ఇచ్చిన సీయూజీ నంబరుకు ఎప్పుడు ఫోన్ వచ్చినా పలకాల్సిన మండలాఫీసు ఉద్యోగికి అదొక పనిముట్టు. పనిముట్టే అయినా పొద్దున లేచింది మొదలు మనిషిని అంటిపెట్టుకునే ఉంటుంది. జీపును సాయంత్రం ఆఫీసులో వదిలి రావచ్చు. ఫోన్ ఇంటికొస్తుంది, పెళ్లికొస్తుంది, ఆసుపత్రికొస్తుంది. దాన్ని ఇచ్చిన సంస్థకు మూడు భయాలుంటాయి. బిల్లు పెరుగుతుందేమో, ఫోన్ పోతుందేమో, ఖాతాదారుల వివరాలు బయటికి పొక్కుతాయేమో. మూడూ నిజమైన భయాలే, మూడింటికీ మందు ఉంది. ఆ మందుకూ ఉద్యోగి వాట్సాప్‌లోకి తొంగి చూడటానికీ మాత్రం ఏ సంబంధమూ లేదు. సంస్థ ఖర్చును అదుపు చేయాలి, తన డేటాను కాపాడుకోవాలి, పరికరాన్ని వెనక్కి తీసుకోగలగాలి. అంతకు మించి చూడకూడదు. చూడబోమని కాగితం మీద రాసిస్తే చాలదు. చూడాలన్నా కనబడకుండా ఫోన్‌లోనే గోడ కట్టాలి.

‘ఫోన్ మాది, కాబట్టి అందులో ఉన్నదంతా మాదే’ అన్న మాట వినడానికి సూటిగా ఉంటుంది. సింగరేణి క్వార్టర్లూ విశాఖ ఉక్కునగరమూ ఎరిగిన తెలుగువాళ్లకు దీని జవాబు కొత్తగా చెప్పక్కర్లేదు. క్వార్టరు కంపెనీదే. కరెంటు మీటరు కంపెనీ చూసుకుంటుంది, పైకప్పు కారితే బాగు చేయిస్తుంది, వేరేవాళ్లకు అద్దెకిస్తే ఊరుకోదు, ఉద్యోగం అయిపోయాక తాళం ఇచ్చేయమంటుంది. అంతమాత్రాన సూపర్‌వైజర్ వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూడడు. గోడలు ఒకరివి, ఆ గోడల మధ్య సాగే కాపురం ఇంకొకరిది అన్న ఎరుక మనకు తరాల నాటిది. ఫోన్ దగ్గరికొచ్చేసరికి అది ఎందుకు చెరిగిపోయింది? క్వార్టర్లోకి తొంగి చూడాలంటే మనిషి నడిచి వెళ్లాలి, తలుపు తట్టాలి, ఇరుగుపొరుగు చూస్తారు. ఫోన్ విషయంలో ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడికి ఒక తెర చాలు. చూసినట్టు అవతలి మనిషికి తెలియదు. తప్పు చేస్తున్నామన్న బెరుకు కలగడానికి అక్కడ సందర్భమే లేదు.

సొంత వాడకాన్ని పూర్తిగా నిషేధిస్తే గొడవే ఉండదని చాలా సంస్థల పాలసీలు అదే రాసుకుంటాయి. రాసిన హెచ్చార్ మేనేజరు కూడా ఆ సాయంత్రమే ఆఫీసు ఫోన్‌లో ఇంటికి కబురు పంపుతారు. బడి నుంచి పిల్లకు జ్వరమని ఫోనొస్తే ‘ఇది కంపెనీ లైను’ అని పెట్టేసేవాళ్లు ఉండరు. ఎవరూ పాటించలేని నియమం అందరినీ కొద్దికొద్దిగా తప్పు చేసినవాళ్లను చేసి, వాళ్లలో ఎవరిని ఎప్పుడు పట్టుకోవాలో ఎంచుకునే అధికారాన్ని పైవాడి చేతిలో పెడుతుంది. మామూలు రోజుల్లో దాని జోలికి ఎవరూ పోరు. టార్గెట్ తప్పినవాడి మీద, సంఘం పెట్టినవాడి మీద, సెలవు కోసం గట్టిగా మాట్లాడినామె మీద ఆ కాగితం ఫైల్లోంచి బయటికొస్తుంది.

రాసిన నియమానికీ నడిచే పద్ధతికీ మధ్య ఉన్న ఈ సందులోంచే ఒక కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. కాలిఫోర్నియాలోని ఒంటారియో నగర పోలీసు విభాగం 2001లో కొందరు సిబ్బందికి పేజర్లు ఇచ్చింది. నెలకు ఇన్ని అక్షరాలని పరిమితి. దాటితే అదనపు చార్జీ. నగరం పాలసీ ప్రకారం సిబ్బందికి గోప్యత ఆశించే హక్కు లేదు. కానీ పేజర్ల వ్యవహారం చూసే లెఫ్టినెంట్ మాత్రం, అదనపు చార్జీ మీరే కట్టుకుంటే సందేశాలు ఎవరూ చూడరని నోటిమాటగా చెప్పాడు. సార్జెంట్ జెఫ్ క్వాన్ అలాగే చాలాసార్లు కట్టాడు. వసూళ్లతో లెఫ్టినెంట్‌కు విసుగొచ్చింది, పరిమితి తక్కువగా ఉందో లేదో తేలుద్దామని పై అధికారి సందేశాల ప్రతులు తెప్పించాడు. 2002 ఆగస్టులో డ్యూటీ వేళల్లో క్వాన్ పంపిన, అందుకున్న సందేశాలు 456. అందులో ఉద్యోగానికి సంబంధించినవి 57కు మించలేదు. మిగిలినవాటిలో శృంగార సందేశాలూ ఉన్నాయి. 2010 జూన్‌లో కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో నగరం పక్షాన తీర్పు చెప్పింది.

ఈ తీర్పును యాజమాన్యాల గెలుపుగా చెప్పుకోవడం మామూలైపోయింది. ఎందుకు గెలిచారో చూస్తే అంత సంబరపడే సంగతి కాదు. చూసింది రెండు నెలల సందేశాలే. డ్యూటీ లేని వేళల్లో పంపినవాటిని దర్యాప్తు చేసిన అధికారి ముందే చెరిపేసి పక్కన పెట్టాడు. కారణం పరిమితి సరిపోతుందా అన్న ఆఫీసు ప్రశ్న. కోర్టు ఆ తనిఖీని సమర్థించింది దాని ఇరుకుదనాన్ని చూసే. ఉద్యోగికి గోప్యత లేదని కోర్టు తేల్చనే లేదు, ఉందనే అనుకుని లెక్క చూసింది. ఇంకో సంగతిని మన దగ్గర దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆ దావా వేసింది క్వాన్ ఒక్కడే కాదు. అతనికి సందేశాలు పంపిన భార్య, వేరే స్త్రీ, తోటి సార్జెంటు కూడా ఉన్నారు. ఉద్యోగి ఫోన్ తెరిస్తే బయటపడేది ఉద్యోగి ఒక్కడి బతుకే కాదు. అక్క పంపిన స్కానింగ్ రిపోర్టు, స్నేహితుడు అప్పు కోసం పడిన బతిమాలాట, కూతురి ఫొటోలు అందులో ఉంటాయి. వాళ్ల తరఫున అనుమతి ఇచ్చే హక్కు ఆ ఉద్యోగికీ లేదు. ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. క్వాన్ ప్రభుత్వోద్యోగి కనుక అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణను పట్టుకుని అంతదూరం వెళ్లగలిగాడు. అక్కడి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే మన పిల్లలకు ఆ ఆసరా ఉండదు. ఆ సవరణ పగ్గం వేసేది ప్రభుత్వానికే.

ఐరోపా ఇంకాస్త ముందుకు వెళ్లింది. రుమేనియాలో బార్బులెస్కు అనే సేల్స్ ఇంజినీరు కంపెనీ చెప్పినందుకే కొనుగోలుదారుల కోసం యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. 2007 జూలైలో కంపెనీ దాన్ని కొన్ని రోజులు గమనించింది. సొంతానికి వాడలేదని అతను రాసిచ్చాక 45 పేజీల ప్రతి ముందు పెట్టింది. సోదరుడితో, పెళ్లాడబోయే అమ్మాయితో మాట్లాడిన మాటలు అందులో ఉన్నాయి. ఉద్యోగం పోయింది. సొంత వాడకం నిషిద్ధమన్న నియమావళి మీద అతని సంతకం ఉంది, అందుకే దేశంలోని కోర్టుల్లోనూ, ఐరోపా మానవ హక్కుల కోర్టు మొదటి విచారణలోనూ ఓడాడు. అదే కోర్టు విస్తృత ధర్మాసనం 2017 సెప్టెంబరు 5న 11–6 తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. నిషేధం ఉందని చెప్పడం వేరు, మాటలు కూడా చదువుతామని ముందే చెప్పడం వేరని తేల్చింది. అంతకన్నా ముఖ్యంగా, పనిచోట మనిషికుండే సామాజిక జీవితాన్ని సున్నా చేసే అధికారం యజమాని ఆదేశాలకు లేదంది. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2001లో నికాన్ కేసులోనే ఈ దారి పట్టింది. కంపెనీ కంప్యూటర్లో ఉన్నా, సొంత వాడకం నిషిద్ధమైనా ఉద్యోగి వ్యక్తిగత సందేశాలు చదవకూడదంది. మన సుప్రీం కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది 2017 ఆగస్టు 24న. బార్బులెస్కు తీర్పుకు సరిగ్గా పన్నెండు రోజుల ముందు. అక్కడ అది ఆఫీసు గదిలోకి నడిచి వెళ్లింది. ఇక్కడ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

కోర్టుల సంగతి అలా ఉంచి ఫోన్ లోపలికి వెళ్దాం. కాగితం మీది హామీకన్నా అక్కడున్న అమరికే గట్టిది. కంపెనీ ఫోన్‌ను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఐటీ టీములు ఎండీఎం అంటాయి. దాని గురించి ఉద్యోగుల్లో రెండు రకాల తప్పు నమ్మకాలున్నాయి. అన్నీ చూసేస్తుందని ఒకటి, ఏమీ చూడలేదని రెండోది. యాపిల్ కట్టిన పద్ధతిలో ఎండీఎంకు సందేశాలు, ఫొటోలు, కాల్ చరిత్ర, సఫారీలో ఏం చూశారన్నది అందవు. కంపెనీ కొన్న ఐఫోన్‌లో ఏయే యాప్‌లు ఉన్నాయన్న జాబితా మాత్రం అందుతుంది. దాని ఆధారంగా చాలా ఊహించవచ్చు. గర్భం లెక్కలు చూసే యాప్, పెళ్లి సంబంధాల యాప్, ఉద్యోగాలు వెతికే యాప్ పేర్లు చాలు, లోపలికి వెళ్లక్కర్లేదు. ఫోన్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే ‘పోయిన ఫోన్’ స్థితిలో పెట్టాలి. పెడితే తెర మూసుకుపోతుంది, తర్వాత లొకేషన్ చూసినట్టు వాడే మనిషికి తెలిసిపోతుంది. రహస్యంగా చూడటానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటిది. ఆండ్రాయిడ్‌లో తేడా ఇంకా పెద్దది. మొత్తం ఫోన్ కంపెనీ అదుపులో ఉండే పద్ధతి ఒకటుంది. అందులో ఫోన్ ఏ వెబ్‌సైట్ల చిరునామాలకు వెళ్లిందన్న లాగ్ కూడా తీసుకోవచ్చు. ఫోన్‌ను రెండు గదులుగా చీల్చే పద్ధతి ఇంకొకటి. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తే అది ఈ రెండో రకం. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11లో గూగుల్ ఈ గోడను గట్టిపరిచింది. అప్పటి నుంచి ఇలా చీల్చిన కంపెనీ ఫోన్‌లో సొంత గదిలో ఏ యాప్‌లున్నాయో, ఏ డేటా ఉందో యజమానికి కనబడదు. అయినా పాస్‌వర్డ్ తప్పనిసరి చేయవచ్చు, ఫలానా యాప్‌లు వద్దని నిషేధించవచ్చు, రోమింగ్ ఆపవచ్చు, పోతే ఫోన్ మొత్తాన్ని తుడిచేయవచ్చు. సాయంత్రం ఆఫీసు గదికి గడియ వేసుకునే మీట ఉద్యోగి చేతిలోనూ ఉంటుంది. సంస్థకున్న మూడు భయాలకూ ఇందులో జవాబుంది. ఏ వాట్సాప్‌నూ తెరవాల్సిన పని పడలేదు.

గోడకు దొడ్డిదారులూ ఉన్నాయి. ఫోన్ నుంచి వెళ్లే ఇంటర్నెట్ మొత్తాన్ని కంపెనీ వీపీఎన్ గుండా మళ్లించి, ఫోన్‌లో తన సొంత సర్టిఫికెట్ పెడితే, తాళం గుర్తున్న చాలా వెబ్‌సైట్ల లోపలి విషయం కూడా దారిలో చదవవచ్చు. ఎండీఎం చూడలేనిది నెట్‌వర్క్ చూస్తుంది. ‘మేం మీ సందేశాలు చూడం’ అని ఐటీ టీము ఎండీఎం గురించి నిజమే చెబుతూ వీపీఎన్ గురించి చెప్పకపోవచ్చు. అందుకే అడగాల్సిన ప్రశ్న ‘మీరు చూస్తున్నారా’ అన్నది కాదు, ‘ఈ ఫోన్ ఏ పద్ధతిలో కట్టారు, సొంత గదిలోంచి వెళ్లే ఇంటర్నెట్ ఎటు వెళ్తుంది’ అన్నది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కంపెనీ ఏం పెట్టిందో కొంత కనిపిస్తుంది. జీతం స్లిప్పులో కోతలు చూసుకున్నంత శ్రద్ధగా దాన్నీ ఒకసారి చూసుకోవాలి.

మాటలు చదవడం కన్నా మన దగ్గర ఎక్కువ నడుస్తున్నది లొకేషన్ కాపలా. ఫీల్డ్ ఉద్యోగాల్లో దాన్ని కాదనడం కష్టం కూడా. రెప్ నిజంగా ఆ డాక్టర్ దగ్గరికి వెళ్లాడా అని తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ క్లినిక్ గుమ్మంలో ఒకసారి నమోదు చేసే లొకేషన్ వేరు, ఇరవై నాలుగు గంటలూ మనిషి వెంట తిరిగే చుక్క వేరు. 2015లో కాలిఫోర్నియాలో ఒక మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థ సేల్స్ ఉద్యోగిని వేసిన దావా సరిగ్గా దీని గురించే. పని వేళల్లో ట్రాకింగ్‌కు ఆమెకు అభ్యంతరం లేదు. డ్యూటీ లేని వేళల్లో కూడా ట్రాకింగ్ యాప్ నడుస్తుంటే తీసేసిందని, అందుకే ఉద్యోగం ఊడిందని ఆరోపణ. మన దేశంలో 2021లో హర్యానా ఆశా కార్యకర్తలకు ప్రభుత్వ ఫోన్లలో ‘ఎండీఎం 360 షీల్డ్’ అనే యాప్ వేసుకోమన్నారు. తామెక్కడున్నదీ చూస్తుందని, ఫోన్ పగ్గాలు వేరేవాళ్ల చేతికి పోతాయని వాళ్లు ఎదురు తిరిగారు. ఆశాలు ప్రభుత్వ లెక్కలో ఉద్యోగులు కూడా కారు, ప్రోత్సాహకాల మీద పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు. జీతం ఇచ్చే బాధ్యత దగ్గర ఉద్యోగి కాని మనిషి, కాపలా దగ్గర ఉద్యోగి కన్నా ఎక్కువైపోయింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ టీచర్ల గొడవ దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. ముఖం ఫొటోతో హాజరు వేసే యాప్‌ను సొంత ఫోన్లలో దించుకోమంటే, మా ఫోన్లలో వద్దు, పరికరాలు మీరే ఇవ్వండని సంఘాలు అడ్డం తిరిగాయి. సర్కారు ఫోన్‌లో యాప్ వద్దన్నవాళ్లూ, సర్కారే ఫోన్ ఇవ్వాలన్నవాళ్లూ అడిగింది ఒకటే. ఆఫీసు ఎక్కడ ఆగుతుందో చెప్పే గీత.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. ‘సంతకం పెట్టి తీసుకున్నారుగా’ అన్నది అన్నిటికన్నా పాతది. చేరిన రోజు ముందు పెట్టే ఇరవై కాగితాల్లో పదిహేడోది చదివి, ఇది నాకు సమ్మతం కాదని చెప్పి ఉద్యోగం వదులుకునేవాడు ఎక్కడా కనబడడు. వద్దనే వీలు లేనిచోట సంతకానికి విలువ తక్కువ. ఐరోపా డేటా రక్షణ నియంత్రణ సంస్థలు ఉద్యోగి సమ్మతిని అనుమానంగా చూసేది అందుకే. ‘తప్పు చేయనివాడికి దాచేదేముంటుంది’ అన్న మాటకు, జీతాల షీట్లు గోడకు అతికించని కంపెనీ నుంచి అది రావడమే జవాబు. ‘అంత పట్టింపు ఉంటే రెండు ఫోన్లు పెట్టుకోండి’ అనే సలహాలో కొంత పస ఉంది. వీలున్నవాళ్లు అలాగే చేయడం మంచిది. కానీ పదిహేను వేల జీతగాడికి రెండో ఫోన్, రెండో రీచార్జి లెక్కలోకి రావా? పైగా రెండో ఫోన్ జేబులో ఉన్నా, వెంట తిరిగే చుక్క మొదటి ఫోన్‌లోంచి తిరుగుతూనే ఉంటుంది.

బలమైన అభ్యంతరం ఆర్థిక సంస్థలది. రికార్డులు దాచకపోతే చట్టం మమ్మల్నే పట్టుకుంటుందని వాళ్లంటారు. నిజమే. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2021 డిసెంబరులో జేపీ మోర్గాన్ సెక్యూరిటీస్‌కు 12.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. సిబ్బంది వ్యాపారం మాటలు వాట్సాప్‌లోనూ సొంత ఈమెయిల్‌లోనూ మాట్లాడుకోవడం, వాటి రికార్డు కంపెనీ దగ్గర లేకపోవడం కారణం. ఆ తర్వాత చాలా సంస్థలు ఇదే వరసలో జరిమానాలు కట్టాయి. అయితే ఆ మాటలు నడిచింది సొంత ఫోన్లలో. ఆఫీసు ఫోన్‌ను ఎంత బిగిస్తే మనుషులు అంతగా పక్క ఫోన్‌లోకి జారుకుంటారు, భద్రపరచాల్సిన రికార్డు వాళ్ల వెంటే పోతుంది. వ్యాపారం మాటలకు ఒక ఆఫీసు యాప్ పెట్టి, దాన్ని ఆఫీసు గదిలో ఉంచి, అందులోని ప్రతి అక్షరమూ భద్రపరుస్తామని చెబితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దానికి పక్క గదిలో కెమెరా అక్కర్లేదు. చిన్న సంస్థలకు ఇంత ఐటీ బలగం ఎక్కడిదంటారా? గోడ ఆండ్రాయిడ్‌లో ఇప్పటికే కట్టి ఉంది, బిజినెస్ ఈమెయిల్ ప్యాకేజీలతో ప్రాథమిక నియంత్రణలూ వస్తున్నాయి. ఖర్చు తక్కువ. ఫోన్ చేతికిచ్చే ముందే ఆ పద్ధతిలో అమర్చాలి, తర్వాత మార్చాలంటే మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. బద్ధకమే అసలు అడ్డంకి.

గోప్యత చర్చల్లో ఎవరూ మాట్లాడనిదీ, మన దేశంలో అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ సిమ్. కంపెనీ ఇచ్చిన నంబరును ఉద్యోగి బ్యాంకుకు ఇస్తాడు, ఆధార్‌కు ఇస్తాడు, యూపీఐకి ఇస్తాడు, పిల్లల బడికి ఇస్తాడు. అయిదేళ్ల తర్వాత రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్‌తో పాటు ఆ నంబరూ పోతుంది. మామూలు వినియోగదారు నంబరు రద్దయితే కనీసం 90 రోజులు ఇంకొకరికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ సుప్రీం కోర్టుకు చెప్పింది. కార్పొరేట్ సిమ్ విషయంలో అసలు రద్దవడమే ఉండదు, మర్నాడే ఆ సీటులోకొచ్చిన కొత్త ఉద్యోగి చేతికి వెళ్లవచ్చు. పాత ఉద్యోగి బ్యాంకు ఓటీపీలు అతని తెర మీద మోగుతాయి. దీనికి రెండోవైపూ ఉంది. కంపెనీ ఫోన్‌లో సొంత గూగుల్ ఖాతానో యాపిల్ ఐడీనో పెట్టి, దాన్ని తీయకుండా ఫోన్ ఇచ్చేసి వెళ్లిపోతే, దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన తాళమే కంపెనీని బయట నిలబెడుతుంది. ఎండీఎం సరిగా అమర్చుకున్న సంస్థ దగ్గర మారు తాళం ఉంటుంది, అమర్చుకోనివి సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరుగుతాయి. ఫోన్ ఇచ్చిన రోజే ‘ఈ నంబరును బ్యాంకుకు, ఆధార్‌కు ఇవ్వకండి’ అని చెప్పడం, వెళ్లేటప్పుడు ఫొటోలూ నంబర్లూ తీసుకోవడానికి వారం గడువిచ్చి ఉద్యోగి కళ్లముందే ఫోన్ తుడిచేయడం చేస్తే సగం తగాదాలు పుట్టనే పుట్టవు. ఉద్యోగం పోయిందన్న కబురు వచ్చిన నిమిషంలోనే దూరం నుంచి ఫోన్ మొత్తం తుడిచేసే అలవాటు మాత్రం సంస్థలు మానుకోవాలి. గోడ ఉన్న ఫోన్‌లో ఆఫీసు గదిని ఒక్కదాన్నే ఖాళీ చేయవచ్చు. ఇంటి ఫొటోలు చెరిపితే కంపెనీ రహస్యాలకు వచ్చే అదనపు భద్రత ఏమీ లేదు.

ఇక మన చట్టం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తీరాక, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. ఉద్యోగుల విషయంలో ఈ చట్టం యజమానికి పెద్ద తలుపే తెరిచింది. ఉద్యోగ అవసరాలకు, లేదా నష్టం నుంచి, వ్యాపార రహస్యాలు బయటికి పోవడం నుంచి సంస్థను కాపాడుకోవడానికి ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని ఏడో సెక్షన్ అంటుంది. తిరకాసు ఎక్కడుందంటే, ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుతో నోటీసు ఇవ్వాలన్న నియమం సమ్మతి అడిగినప్పుడు వర్తిస్తుంది. నా డేటా ఏముందో చూపించమని అడిగే హక్కూ సమ్మతి ఇచ్చినవాళ్లకే. సమ్మతి అక్కర్లేదన్నప్పుడు ఆ నోటీసూ ఆ హక్కూ దానితోపాటే జారిపోతాయి. తెలియని దుకాణానికి ఫోన్ నంబరిచ్చిన కొనుగోలుదారుకున్నపాటి హక్కు, ఇరవై నాలుగు గంటలూ ఆఫీసు ఫోన్ మోసే ఉద్యోగికి లేకుండా పోయింది. చట్టం రాసినవాళ్లు దీన్ని దిద్దాల్సిందే.

అలాగని ఏడో సెక్షన్ అడ్డూ అదుపూ లేని అధికారమేమీ కాదు. ఉద్యోగ అవసరం అన్న మాటకు హద్దుంది. ఆదివారం రాత్రి లొకేషన్ ఏ ఉద్యోగ అవసరం కిందికి వస్తుందో కంపెనీ చెప్పుకోవాల్సి ఉంటుంది. పైగా సేకరించిన ప్రతి వివరమూ సంస్థ మెడకు చుట్టుకునే బరువే. తగిన భద్రత లేక డేటా లీకైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చూడనిది లీకవదు, దాచనిదానికి జరిమానా పడదు. కంపెనీ లాయర్లకు గోప్యత మీద ప్రేమ లేకపోయినా ఈ లెక్క అర్థమవుతుంది. చట్టం దిద్దుబాటు కోసం ఆగనక్కర్లేని సంస్థలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆఫీసు పెట్టుకుని పారిస్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో సిబ్బందిని నడిపే కంపెనీలు ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం అక్కడివాళ్లకు ఫోన్‌లో ఏమేం చూస్తున్నదీ, ఎందుకు చూస్తున్నదీ, ఎన్నాళ్లు దాచేదీ చెప్పాల్సిందే. అడిగితే వాళ్ల డేటా వాళ్లకు చూపించాల్సిందే. ఆ కాగితం ఇప్పటికే వాళ్ల హెచ్చార్ ఫైళ్లలో ఉండాలి. దాన్ని తెలుగు చేసి మాదాపూర్ ఉద్యోగి చేతికీ ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు చెప్పడం లేదు.